రక్తం ఎవరిదో తేలినా బిడ్డ తిరిగి రాకపోవచ్చు

1990 మార్చిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉంటున్న ఒక తల్లి రెండేళ్ల కొడుకుని తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. తిరిగొచ్చే ఆలోచన లేదు. వాడు తన కొడుకేనని తండ్రి అన్నాడు, తల్లీ కాదనలేదు. అంతకుముందు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. కొన్ని వారాల్లోనే అక్కడి ఫ్యామిలీ కోర్టు బిడ్డ కస్టడీ తండ్రికే ఇచ్చింది. అయినా ఆయన ఇంగ్లండ్‌లో ఒక్కో మెట్టూ ఎక్కి, అప్పట్లో అక్కడ ఆఖరి కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఓడిపోయాడు.

ఎందుకంటే వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. పెళ్లి కాని జంటకు పుట్టిన బిడ్డ మీద కస్టడీ హక్కు, కోర్టు వేరేలా చెబితే తప్ప, తల్లిదేనని అప్పటి పశ్చిమ ఆస్ట్రేలియా చట్టం. ఆమె విమానం ఎక్కిన రోజుకి ఏ కోర్టూ అలా చెప్పలేదు. ఆ తర్వాత చెప్పింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇద్దరు తల్లిదండ్రులు, రెండు దేశాలు, మధ్యలో ఒక బిడ్డ ఉన్న తగాదా వినగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే తేలిపోతుందిగా’ అని. తేలేది ఒక్కటే, బిడ్డ ఎవరికి పుట్టాడన్నది. ఆ బిడ్డ మీద చట్టం ఎవరికి హక్కు ఇచ్చింది, ఆ హక్కుని ఏ దేశపు కోర్టు విచారించాలి అన్నవి వేరే ప్రశ్నలు. వాటి జవాబు ల్యాబులో దొరకదు. ఈ కేసుల్లో గెలుపోటములు ఎక్కువగా తేలేది ఆ రెండింటి మీదే. ఇంకా గట్టిగా చెప్పాలంటే, బిడ్డని దేశం దాటించిన తేదీన ఎవరి చేతిలో ఏ హక్కు ఉందన్న దాని మీద.

హేగ్ ఒప్పందం ఏం అడుగుతుంది

పిల్లల అపహరణ మీద దేశాలు చేసుకున్న హేగ్ ఒప్పందం 1980 అక్టోబరు 25 నాటిది. 1983 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు వందకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. 16 ఏళ్ల లోపు బిడ్డని, తాను మామూలుగా నివసిస్తున్న దేశం నుంచి, ఎవరిదో ఒకరి కస్టడీ హక్కుని తోసిరాజని వేరే దేశానికి తీసుకెళ్తే, ఆ రెండో దేశం బిడ్డని వెనక్కి పంపాలి. ఈ ఒప్పందం ముఖ్యంగా చెప్పేది ఇంతే. అమ్మ మంచిదా, నాన్న మంచివాడా, ఎవరి దగ్గర పెరిగితే బాగుంటుంది అన్న విచారణ ఇక్కడ ఉండదు. అది బిడ్డ తిరిగి వెళ్లాక అక్కడి కోర్టు చూసుకుంటుంది. వెనక్కి పంపమన్నంత మాత్రాన కస్టడీ ఎవరిదో తేల్చినట్టు కాదని 19వ అధికరణం విడిగా చెబుతుంది కూడా.

ఆరు వారాల్లో నిర్ణయం రావాలన్నది ఒప్పందం ఆశించిన గడువు. ఇంత తొందరలో పితృత్వం మీద పూర్తి విచారణకి చోటు తక్కువ. అందుకే తల్లి మధ్యలో లేచి ‘అసలు ఈయన బిడ్డకి తండ్రే కాదు’ అన్నా కోర్టు వెంటనే శాంపిళ్లకి ఆదేశించాల్సిన పనిలేదు. బిడ్డ ఉంటూ వచ్చిన దేశపు చట్టం ఆయన్ని తండ్రిగా గుర్తించి హక్కు ఇచ్చిందా అన్నది చూస్తే చాలు. ఇచ్చి ఉంటే, రక్తం సంగతి ఆ దేశంలోనే తేలుతుంది.

హక్కు అనే మాట విస్తారమైనది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి చిలీ నుంచి ఒక కేసు వచ్చింది. తండ్రికి బిడ్డని చూసి వెళ్లే హక్కు మాత్రమే ఉంది. కానీ ఆయన అనుమతి లేకుండా బిడ్డని దేశం దాటించకూడదని చిలీ చట్టం. ఆ ఒక్క నిబంధనే ఆయన్ని కస్టడీ హక్కుదారుణ్ణి చేసిందని కోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది యూరప్‌లో అందుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కేసు నడిచింది. ఐర్లండ్‌లో పెళ్లి లేకుండా ఏళ్ల తరబడి కలిసి బతికి ముగ్గురు పిల్లల్ని కన్న జంట అది. తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్ వెళ్లింది. పెళ్లి కాని తండ్రికి ఐర్లండ్ చట్టం తనంతట తానుగా కస్టడీ ఇవ్వదు, కోర్టుకి వెళ్లి తెచ్చుకోవాలి. ఆయన ఆ ఆదేశం తెచ్చుకోకముందే తల్లి వెళ్లిపోయింది. ఆ చట్టం ప్రాథమిక హక్కులకి విరుద్ధం కాదని, తండ్రికి కోర్టు తలుపు తట్టే అవకాశం ఉంటే చాలని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు తేల్చింది. ముగ్గురు పిల్లలు, ఏళ్ల కాపురం ఉన్నా లెక్కలోకి వచ్చింది కాగితం ఒక్కటే.

అమెరికాలో ఆ కాగితం ఎలా వస్తుంది

మనవాళ్లు ఎక్కువగా ఉండే అట్లాంటా సంగతి చూద్దాం. జార్జియా రాష్ట్ర చట్టం ప్రకారం పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ కస్టడీ తల్లిదే. తండ్రి కోర్టులో విడిగా పిటిషన్ వేసి, బిడ్డకీ తనకీ చట్టబద్ధమైన సంబంధం ఉందని ఆదేశం తెచ్చుకోవాలి. డీఎన్‌ఏ 99.99 శాతం అని వచ్చినా, బర్త్ సర్టిఫికెట్ మీద పేరున్నా ఆ ఒక్క మెట్టు ఎక్కక తప్పదు. పిల్లల పోషణకి డబ్బు కట్టే బాధ్యత మాత్రం పితృత్వం తేలగానే మొదలవుతుంది. బాధ్యత ముందొచ్చి హక్కు వెనక రావడం నాకైతే న్యాయంగా తోచదు. చట్టం మాత్రం అలాగే ఉంది.

అమెరికా ఆసుపత్రుల్లో పెళ్లి కాని జంటకి బిడ్డ పుట్టగానే పితృత్వాన్ని ఒప్పుకునే ఫారం ఒకటి ఇస్తారు. నిద్రలేని కళ్లతో, పక్కన ఉయ్యాలలో బిడ్డ ఉండగా ఇద్దరూ సంతకాలు పెట్టేస్తారు. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకోవడానికి గడువు 60 రోజులు. అది దాటాక మోసం, బలవంతం, వాస్తవం తెలియక చేసిన పొరపాటు లాంటివి నిరూపిస్తే తప్ప అది కోర్టు తీర్పుతో సమానం. డీఎన్‌ఏ లేకుండానే ఒక మనిషి చట్టం దృష్టిలో తండ్రి అయిపోతాడు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 డిసెంబరు 1 నుంచి పుట్టుక నమోదైన బిడ్డల బర్త్ రిజిస్టరులో తల్లితో కలిసి వెళ్లి పేరు రాయించుకున్న తండ్రికి, పెళ్లి లేకపోయినా, తల్లిదండ్రుల బాధ్యతలో వాటా ఉంటుంది. అంతకుముందే నమోదైన పిల్లల తండ్రులకి ఆ సౌకర్యం లేదు.

రక్తం ఒకరిది, పేరు ఒకరిది

దీనికి అవతలి వైపు మరీ విచిత్రంగా ఉంటుంది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన మైకేల్ హెచ్. కేసులో రక్తపరీక్ష ప్రకారం మైకేల్ బిడ్డకి తండ్రి అయ్యే అవకాశం 98.07 శాతం. కానీ బిడ్డ పుట్టినప్పుడు తల్లికి వేరొకరితో పెళ్లై ఉంది. భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తుండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనన్నది కాలిఫోర్నియా చట్టం. అయిదుగురు జడ్జీలు ఆ చట్టాన్నే నిలబెట్టారు, నలుగురు విభేదించారు. బిడ్డని చూడటానికి కూడా మైకేల్‌కి హక్కు దక్కలేదు.

మన దగ్గరా ఈ సూత్రం పాతదే, గట్టిదే. 1872 సాక్ష్య చట్టంలో 112వ సెక్షన్ అది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్ అయింది. వివాహబంధం నడుస్తుండగా గానీ, అది రద్దయ్యాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్న 280 రోజుల లోపు గానీ పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. గర్భం దాల్చగలిగిన కాలంలో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని రుజువు చేయగలిగితేనే దీన్ని కాదనొచ్చు. ‘నాకు అనుమానంగా ఉంది, శాంపిల్ తీయించండి’ అంటే కోర్టు ఒప్పుకోదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఇంకొంచెం ముందుకి వెళ్లి, పెద్దవాళ్ల తగాదాలో తన పుట్టుక గుట్టు బయటపడకుండా చూసుకునే హక్కు బిడ్డకి ఉందంది. 2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులోనూ అదే బాట పట్టింది. మధ్యలో 2014లో మహారాష్ట్ర కేసులో మాత్రం, పరీక్ష అప్పటికే జరిగిపోయి ఫలితం ఎదురుగా ఉన్నప్పుడు కళ్లు మూసుకోలేమని, తండ్రి కాదని తేలిన వ్యక్తి భరణం కట్టనక్కర్లేదని తీర్పు ఇచ్చింది. మొత్తం చూస్తే పరీక్షకి ఆదేశించడమే అసలు గడప. అది దాటాక ఫలితాన్ని తోసేయడం కష్టం.

ఈ సెక్షన్ ఎవరి మేలు కోరిందన్న చర్చ పక్కన పెడితే, ఎన్‌ఆర్‌ఐ కేసుల్లో దీని అవసరం ఒకటి కనిపిస్తుంది. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వివాహంలో పుట్టిన బిడ్డకి సహజ సంరక్షకుడు ముందు తండ్రి, అయిదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర. వివాహేతరంగా పుట్టిన బిడ్డకయితే ముందు తల్లి, తర్వాతే తండ్రి. అంటే తగాదా ముదిరాక ‘ఈ బిడ్డ నా భర్త బిడ్డ కాదు’ అని తల్లి ఒక్క మాట అంటే తరాజు తనవైపు మొగ్గేలా ఉంది. ఆ మాట బిడ్డ మీద ఎలాంటి మచ్చ వేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 116వ సెక్షన్ ఆ దారి మూసేసింది.

ల్యాబులో ఏం జరుగుతుంది

పరీక్ష విలువ తక్కువని కాదు. బుగ్గ లోపలి వైపు దూది పుల్లతో రుద్ది కణాలు తీస్తారు. అందులో డీఎన్‌ఏ ముక్కలు పదే పదే రిపీట్ అయ్యే చోట్లు కొన్ని ఎంచుకుని, ఒక్కో చోట ఎన్నిసార్లు రిపీట్ అయిందో లెక్కిస్తారు. ఒక చోట బిడ్డకి 12, 15 అని వచ్చిందనుకుందాం. తల్లికి 12, 14. అంటే 12 తల్లి నుంచి వచ్చింది, 15 తండ్రి నుంచే రావాలి. ఎదురుగా ఉన్న మనిషికి ఆ చోట 15 ఉండాలి. ఇలా ఇరవై చోట్ల దాకా చూస్తారు. ఒక్క చోట కుదరకపోతే అది మ్యుటేషన్, అంటే డీఎన్‌ఏలో సహజంగా వచ్చే మార్పు కావొచ్చు. చాలా చోట్ల కుదరకపోతే ఆ మనిషి తండ్రి కాదు.

రిపోర్టులో 99.99 శాతం అని కనిపించే అంకె వెనక ఒక ఊహ ఉంటుంది. పరీక్షకి ముందు ఆయన తండ్రి అయ్యే అవకాశం సగానికి సగం అన్నది మామూలుగా తీసుకునే లెక్క. పోటీలో ఉన్నది ఆయన సొంత అన్నో తమ్ముడో అయితే ఆ విషయం ల్యాబుకి ముందే చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుదారి పడుతుంది.

ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఇంట్లో చేసుకున్న పరీక్షని కోర్టులో నమ్మరు. ఎవరి బుగ్గలో పుల్ల పెట్టారో, కవరు ఎవరు సీలు వేశారో, మధ్యలో ఎవరి చేతుల్లో ఉందో చెప్పే రికార్డు కావాలి. అమెరికా పౌరుడికి ఇండియాలో పుట్టిన బిడ్డ పౌరసత్వం కోసం దరఖాస్తు చేసినప్పుడు, కాగితాలు చాలకపోతే కాన్సులేటు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమనొచ్చు. అప్పుడు కిట్ గుర్తింపు ఉన్న అమెరికా ల్యాబు నుంచి నేరుగా వెళ్తుంది, శాంపిల్ నేరుగా తిరిగొస్తుంది. దరఖాస్తుదారు చేతికి అది తగలదు. 99.5 శాతం, ఆపైన వస్తేనే ఒప్పుకుంటారు.

ఈ శాస్త్రానికి మన దేశంలో పుట్టిల్లు హైదరాబాదే. అక్కడి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ రూపొందించిన డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌తోనే కేరళలోని తలశ్శేరి కోర్టులో దేశంలో తొలి డీఎన్‌ఏ పితృత్వ కేసు తేలింది. 1991లో కేరళ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా చేసిన ఎన్.డి. తివారీ పితృత్వ వివాదంలో కూడా పరీక్ష జరిగింది హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీలోనే. 2012 మే 29న డెహ్రాడూన్‌లోని ఆయన ఇంట్లో రక్తం తీశారు, జులై 27న ఢిల్లీ హైకోర్టులో సీల్డు కవరు తెరిచారు. ఆయనే తండ్రి. అక్కడా బిడ్డ పుట్టేనాటికి తల్లికి వేరొకరితో పెళ్లై ఉంది. అయితే పరీక్ష అడిగింది పెద్దవాడైన కొడుకు. మైనర్ మీద రుద్దిన పరీక్ష కాదు.

పెంచిన చేతుల మాట

రక్తం కాకుండా, చట్టం ఇచ్చిన కాగితమూ కాకుండా మూడో సంగతి ఒకటుంది. లిథువేనియాలో ఒక పిల్లవాణ్ణి పసితనం నుంచి అమ్మమ్మ, తాతయ్యలే పెంచారు. తల్లి ఉపాధి కోసం ఉత్తర ఐర్లండ్ వెళ్లింది. 2012 మార్చిలో అమ్మమ్మ వాణ్ణి కిండర్‌గార్టెన్ నుంచి ఇంటికి నడిపించుకుని వస్తుంటే, తల్లి, ఆమెతో ఉన్న మనిషి దారిలో అడ్డగించి పిల్లవాణ్ణి లాక్కుని బండెక్కించి దేశం దాటించారు. బిడ్డ కన్నతల్లిదే. కాగితం కూడా తల్లి వైపే. కానీ 2014 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అమ్మమ్మ వైపు నిలిచారు. తల్లిదండ్రులు వదిలి వెళ్లగా బిడ్డ భారం పూర్తిగా మోసిన వాళ్లకి, చట్టం లాంఛనంగా గుర్తించకపోయినా, హేగ్ ఒప్పందం దృష్టిలో కస్టడీ హక్కు ఉండొచ్చన్నారు. ఒక జడ్జి విభేదించారు. అమెరికాలో పుట్టిన పసిబిడ్డని ఏడాదికో రెండేళ్లకో ఇండియాలో అమ్మమ్మ, నానమ్మల దగ్గర వదిలి వెళ్లే మన కుటుంబాలు ఈ తీర్పుని ఒకసారి చదువుకోవడం మంచిది.

ఇండియా ఎక్కడ నిలబడింది

ఇండియా హేగ్ ఒప్పందంలో లేదు. అందుకే టెక్సాస్ నుంచి హైదరాబాద్ వచ్చేసిన బిడ్డ కేసులో ఆరు వారాల గడువు వర్తించదు. వెనక ఉండిపోయిన తండ్రో తల్లో మామూలుగా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బిడ్డని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్ వేస్తారు. అక్కడ ఏ జడ్జి కూర్చుంటారో, బిడ్డ వయసెంత, ఇక్కడికి వచ్చి ఎంతకాలమైంది అన్నదాన్ని బట్టి కథ నడుస్తుంది. 1986లో మిషిగన్ నుంచి పుణె తీసుకొచ్చిన బిడ్డని సుప్రీంకోర్టు వెంటనే వెనక్కి పంపింది. 1997లో విదేశీ కోర్టు ఆదేశం చూడాల్సిన సంగతుల్లో ఒకటే తప్ప అదే సర్వస్వం కాదంది. 2013లో సియాటిల్ కోర్టు ఆదేశాన్ని కాదని ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన బిడ్డ విషయంలో మళ్లీ తిరుగు ప్రయాణమే. 2017లో లోలకం ఇటు ఊగి, బిడ్డ మేలే అన్నిటికంటే పెద్దదంటూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన బిడ్డని తల్లి దగ్గరే ఉంచింది. 2019 మార్చిలో పెన్సిల్వేనియా నుంచి హైదరాబాద్ చేరిన ఇద్దరు పిల్లల్ని మళ్లీ అమెరికా పంపమంది. అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇచ్చే నివేదికలో ఇండియా పేరు సహకరించని దేశాల జాబితాలో పదే పదే కనిపించడానికి ఇదొక కారణం.

ఒప్పందంలో చేరాలని లా కమిషన్ 2009లోనే చెప్పింది, 2016లో బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది. ఎదురైన అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇండియా వచ్చేవాళ్లలో చాలామంది తల్లులు. పరాయి దేశంలో భర్త కొట్టినా చెప్పుకునే దిక్కు లేక, చేతిలో డిపెండెంట్ వీసా తప్ప ఏమీ లేక వచ్చేసినవాళ్లని అపహరణకర్తలనడం ఎలా? జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అయితే ఇండియా ఒప్పందం బయట ఉండటం ఆ తల్లులకి రక్షణ అవుతోందా అంటే నాకు అనుమానమే. వాళ్ల మీద అమెరికాలో వారంటు అలాగే ఉంటుంది. 1993 నాటి ఫెడరల్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. గృహహింస నుంచి పారిపోయి వచ్చామన్న వాదనకి ఆ చట్టంలోనే చోటుంది, కానీ ఆ వాదన వినిపించాల్సింది అమెరికా కోర్టులో.

మన శిక్షాస్మృతిలో మాత్రం తండ్రికి ఒక చిత్రమైన వెసులుబాటు ఉంది. చట్టబద్ధ సంరక్షకుల నుంచి పిల్లల్ని తీసుకెళ్తే కిడ్నాప్ అని భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ చెబుతూనే, వివాహేతరంగా పుట్టిన బిడ్డకి తానే తండ్రినని మంచి మనసుతో నమ్మినవాడికీ, కస్టడీ తనదేనని అలాగే నమ్మినవాడికీ మినహాయింపు ఇచ్చింది. ఉద్దేశం అనైతికమో చట్టవిరుద్ధమో కాకూడదు, అంతే. ఆ నమ్మకం నిజం కానక్కర్లేదు, డీఎన్‌ఏ రిపోర్టూ అక్కర్లేదు.

కాలం ఎవరి పక్షం

అమెరికాలో మసాచుసెట్స్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఒప్పుకున్న ఒకే తరహా కస్టడీ చట్టం ప్రకారం, బిడ్డ చివరిగా ఆరు నెలలు వరసగా ఉన్న రాష్ట్రమే సొంత రాష్ట్రం. బిడ్డ వెళ్లిపోయాక కూడా ఆరు నెలల దాకా, తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే, ఆ కోర్టుకి అధికారం ఉంటుంది. ‘కోపం తగ్గాక వచ్చేస్తుంది, కోర్టు దాకా ఎందుకు’ అని పెద్దమనుషుల్ని మధ్యవర్తిత్వానికి పంపుతూ ఎనిమిది నెలలు గడిపిన తండ్రికి ఆ తలుపు మూసుకుపోవచ్చు. విదేశాన్ని కూడా ఆ చట్టం ఒక రాష్ట్రంలాగే చూస్తుంది కాబట్టి, అప్పటికి బిడ్డ సొంత రాష్ట్రం తెలంగాణ అయి కూర్చుంటుంది. తల్లి వెనక ఉండిపోయిన కేసుల్లోనూ ఇంతే.

ముందు జాగ్రత్త వైపు చూస్తే, 16 ఏళ్ల లోపు బిడ్డకి అమెరికా పాస్‌పోర్టు తీయాలంటే మామూలుగా ఇద్దరి సమ్మతీ కావాలి. బిడ్డ పేరు మీద దరఖాస్తు వస్తే తెలియజేయమని విదేశాంగ శాఖలో పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఉన్న పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లని ఆపే ఇమిగ్రేషన్ కౌంటర్ అమెరికా విమానాశ్రయాల్లో బయటికి వెళ్లే దారిలో లేదు. మన శంషాబాద్‌లో ఉన్నట్టు స్టాంపు వేసి పంపే పద్ధతి అక్కడ లేదని చాలామందికి బిడ్డ వెళ్లిపోయాకే తెలుస్తుంది.

బిడ్డని తిరిగి పంపమని మన కోర్టు ఆదేశించేటప్పుడు షరతులు పెడుతుంది. టికెట్లు, ఇల్లు, ఖర్చులు అవతలివాళ్లు చూసుకోవాలి, తల్లి మీద వారంటు ఉంటే దాన్ని అమలు చేయించకూడదు, ఇంకా ఇలాంటివి. ఆ షరతులు అవతలి దేశంలో చెల్లాలంటే అక్కడి కోర్టు వాటినే తన ఆదేశంగా నమోదు చేయాలి. దాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. 2020 అక్టోబరులో కెన్యాలో ఉన్న తండ్రికి కొడుకుని అప్పగిస్తూ సుప్రీంకోర్టు ఈ పద్ధతే పాటించింది. బిడ్డ వెళ్లాక తండ్రి షరతులు గాలికి వదిలేశాడు. ఏడాది తిరక్కముందే కోర్టు తన తీర్పుని తానే రద్దు చేసుకుని, కోర్టు ధిక్కారం కింద చర్యలు మొదలుపెట్టి, సీబీఐని దించింది. అప్పటికి బిడ్డ కెన్యాలో ఉన్నాడు.